షోరూమ్‌కా, ఆటోనగర్‌కా? లారీ ఇంజన్ పనికి బండి ఎటు తోలాలి

లారీ ఓనర్ల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నాది 2018 మోడల్ పన్నెండు టైర్ల లారీ, బీఎస్4 (పొగ ప్రమాణం), కామన్ రైల్ (డీజిల్‌ని కంప్యూటర్ అదుపులో కొట్టే) ఇంజన్. ఉన్నది ఒక్కటే బండి, నేనే ఓనర్ని, నేనే డ్రైవర్ని. గంగవరం పోర్టులో బొగ్గు వేసుకుని సాలూరు ఘాటు మీదుగా రాయ్‌పూర్ వైపు తిరుగుతాను. మీటరు 5 లక్షల 10 వేలు దాటింది. ఆర్నెల్లుగా ఇంజన్ ఆయిల్ తాగుతోంది, ఒక ట్రిప్పు వెళ్ళొచ్చేసరికి మూడు నాలుగు లీటర్లు పోయాల్సి వస్తోంది, ఘాటులో మునుపటిలా లాగట్లేదు. షోరూమ్ వాళ్ళు ఇంజన్ మొత్తం విప్పాలన్నారు, 3 లక్షల 40 వేలు, 20 రోజులు. ఆటోనగర్‌లో మా నాన్న కాలం నుంచి తెలిసిన మేస్త్రి ఒక లక్షా 95 వేలు, 9 రోజులు అంటున్నాడు. షోరూమ్ లిస్టులో పిస్టన్ కిట్టుతో పాటు కొత్త టర్బో (ఇంజన్‌లోకి గాలి తోసేది), ఆరు ఇంజెక్టర్లు, ఆయిల్ పంపు, వాటర్ పంపు ఉన్నాయి. మేస్త్రి చీటీ మీద కిట్టు, బేరింగులు, గాస్కెట్లు, లేబర్ అని నాలుగు ముక్కలే ఉన్నాయి. మా బావమరిది షోరూమే మేలంటాడు, తోటి డ్రైవర్లు దండగ అంటారు. ఏం చెయ్యమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
— ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: ఒకే పనికి రెండు రేట్లు చెప్పారని మీరు అనుకుంటున్నారు గానీ, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అవి రెండు వేరువేరు పనులు. షోరూమ్ వాళ్ళు ఇంజన్‌లో పాడయ్యే అవకాశం ఉన్నవన్నీ రాసేశారు, పాడయ్యాయో లేదో ఇంకా చూడలేదు. మేస్త్రి ఖాయంగా మార్చేవి మాత్రం రాశాడు, విప్పాక టర్బో పోయిందని తేలితే అది పైన పడుతుంది. షోరూమ్ లిస్టులోంచి టర్బో, ఇంజెక్టర్లు తీసేసి కూడండి, లేదంటే మేస్త్రి చీటీకి అవి కలిపి కూడండి, తేడా లక్షన్నర ఉండదు. ఎంత మిగులుతుందో అది లేబరు, కంపెనీ సామాను ధర, షెడ్డు అద్దె, వాళ్ళ లాభం. ఇక రోజుల సంగతి. ట్రిప్పుకి మీకు ఎంత మిగులుతుందో మీరు రాయలేదు గానీ, 11 రోజులు ఎక్కువ నిలబడితే రెండు ట్రిప్పులైనా పోతాయి, ఆ డబ్బు కూడా షోరూమ్ బిల్లులోనే కలుపుకోవాలి.

సరే, అసలు ఇంజన్ విప్పాలా అన్నది ఇంకా తేలలేదు కదా. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ట్రిప్పుకి మూడు నాలుగు లీటర్లంటే ఎక్కువే, కాదనను. కానీ ఆయిల్ తాగే ప్రతి ఇంజనూ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అరిగిన ఇంజన్ కాదు. నేను ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బండ్ల మెయింటెనెన్స్ చూసే రోజుల్లో ఒక లారీ సరిగ్గా ఇలాగే లీటర్లకి లీటర్లు తాగేసింది, పొగ మాత్రం లేదు. షోరూమ్ వాళ్ళూ ఇంజన్ పనే అన్నారు, మా మేస్త్రీ అదే అన్నాడు. ఇంజన్ దించడానికి చైన్ పుల్లీ కూడా కట్టేశాక, టీ తాగడానికి పక్క షెడ్డు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఏమీ అనకుండా వంగి ఎయిర్ ట్యాంకు అడుగున డ్రెయిన్ తిప్పాడు. గాలికి బదులు ఆయిల్ ధార కట్టింది! పోయింది బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ రింగులు. ఇంజన్‌లోని ఆయిల్ అటు ఎక్కి ట్యాంకుల్లో చేరుతోంది. లక్షలతో తేలాల్సింది వేలతో తేలిపోయింది. ఆ పెద్దాయనకి మేం ఇచ్చింది టీ డబ్బులే, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాబట్టి మీరు కూడా రేపు పొద్దున్నే ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పి చూడండి. తర్వాత టర్బోకి వెళ్ళే హోస్ ఊడదీసి షాఫ్టుని వేళ్ళతో ఊపండి, కొద్దిగా కదలిక మామూలే, పంకా రెక్క గోడకి తగులుతుంటే మాత్రం టర్బో పోయినట్టే. ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లార్చేది) పైపులో ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బో మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఇంటర్‌కూలర్ హోస్ చిట్లినా, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా బండి లాగదు, నల్ల పొగ వస్తుంది, దానికీ బోరుకీ సంబంధం లేదు. ఇవన్నీ బాగుండి, ఇంజన్ వేడెక్కాక బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) నుంచి పొగ బుసబుసమని తోసుకొస్తూ, సైలెన్సర్‌లో నీలం పొగ కనిపిస్తుంటే అప్పుడు బోరు పనే, ఇంక తప్పదు.

ఇంజెక్టర్ల పరీక్షకి మాత్రం షోరూమ్‌కి వెళ్ళండి. కామన్ రైల్ ఇంజన్ కాబట్టి ఇంజెక్టర్ల పనితనం, రైల్ ప్రెషరు, పాత ఎర్రర్ కోడ్లు అన్నీ ల్యాప్‌టాప్ పెట్టి చూడగలరు, దానికయ్యే డబ్బు కట్టెయ్యండి. ఆరు ఇంజెక్టర్లలో నిజంగా పోయినవి ఎన్ని అని అడిగి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. మన విశాఖలో ఇంకో చిక్కుంది, సముద్రపు గాలి. ఉప్పుకి కనెక్టర్ల పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి. ఒక షోరూమ్‌లో మా బండికి మొత్తం ఇంజెక్టర్ల సెట్టు మార్చేశారు, మిస్సింగ్ పోలేదు, చివరికి అదే చిలుము. మార్చిన సామాను వెనక్కి తీసుకోలేదనుకోండి.

బోరు పనే అని తేలితే మాత్రం నా ఓటు మీ మేస్త్రికే. వారంటీ ఎప్పుడో దాటిన బండి, ఐదు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్, అందులో చెయ్యాల్సింది అచ్చంగా చేతి పని. పైగా నేను చూసినంతలో హెడ్డు ఫేసింగ్‌కి, క్రాంకు గ్రైండింగ్‌కి షోరూమ్‌లు కూడా చాలాసార్లు ఆటోనగర్ లేత్ షాపులకే పంపిస్తాయి. అదే లేతు, అదే మనిషి, మధ్యలో ఒక బిల్లు ఎక్కువ. షోరూమ్‌లో మీ ఇంజన్ ఎవరు విప్పుతారో కూడా మీకు తెలీదు. సీనియర్ ఉంటే అదృష్టం, లేదంటే ఆర్నెల్ల క్రితం చేరిన కుర్రాడు. అడిగితే చెప్పాలి మరి, అడగండి. మీ మేస్త్రి విషయంలోనూ ఇదే అడగండి, ఎందుకంటే పేరు మేస్త్రిదే గానీ, పని చేసేది హెల్పరు, మేస్త్రి కుర్చీలో ఫోన్ మాట్లాడుతుంటాడు, అలాంటి షెడ్లు నేను బోలెడు చూశాను.

"మా నాన్న కాలం నుంచి" అన్నారు చూడండి, అక్కడ నాకు కొంచెం భయం. ఆ కాలంలో ఇన్‌లైన్ పంపు ఇంజన్లు. చెవితో విని టైమింగ్ కట్టేవాళ్ళు, గొప్ప పనివాళ్ళు, అందులో అనుమానం లేదు. కామన్ రైల్‌లో డీజిల్ ప్రెషర్ 1,600 బార్ అంతకంటే పైన కూడా ఉంటుంది, దుమ్ము రేణువు పడ్డా ఇంజెక్టర్ పోతుంది. అలాంటి పైపుల్ని బొగ్గు దుమ్ము ఎగిరే షెడ్డులో మూతలు పెట్టకుండా విప్పి పడేస్తే మీరు చేయించిన పనంతా వృథా. కాబట్టి మేస్త్రిని గౌరవంగానే, ఇలాంటి ఇంజన్లు ఎన్ని కట్టావు, టార్క్ రెంచ్ ఉందా, చివరి తిప్పుడు డిగ్రీల్లో తిప్పే బోల్టులకి కొత్తవి వేస్తావా పాతవే బిగిస్తావా అని అడగండి. పాత బోల్టుల దగ్గర అరవై రూపాయలు మిగుల్చుకున్న మేస్త్రి మూలంగా ఒక హెడ్ గాస్కెట్ ఇరవై రోజుల్లో పోవడం నా కళ్ళతో చూశాను. ఏ బోల్టు మళ్ళీ వాడొచ్చో ఇంజన్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. "మాన్యువల్ ఎందుకండీ, నాకు తెలుసు" అనేవాడి దగ్గర కాస్త ఆగండి.

మీ ఇంజన్‌కి లైనర్లు (బోరులో దించే విడి గొట్టాలు) ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి. మన దగ్గర చాలా తిరుగుతున్న కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్‌కి విడి లైనర్లు ఉండవు, బ్లాకులోనే బోరు. అరిగితే బ్లాకు లేత్ షాపుకి వెళ్ళి పెద్ద సైజుకి బోరు అవ్వాలి, లేదా స్లీవు దిగాలి. అప్పుడు మేస్త్రి కంటే లేతు మీద కూర్చునే మనిషే ముఖ్యం. ఎక్కడికి పంపిస్తున్నాడో అడిగి, మీరూ వెళ్ళి కొలతలు తీసేటప్పుడు పక్కన నిలబడండి. క్రాంకు 0.25 మిల్లీమీటర్ల సైజుకి దింపారా, 0.50కా, బేరింగులు ఆ సైజువే వచ్చాయా, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు కూడా అడుగుతారు.

సామాను మాత్రం మీరే కొనండి. కంపెనీ పార్ట్స్ కౌంటర్లోనో, ఆ కంపెనీకి సామాను చేసిచ్చే వాళ్ళ డీలరు దగ్గరో, బిల్లుతో. పిస్టన్ కిట్టు, బేరింగులు, గాస్కెట్లు, ఆయిల్ పంపు, వీటిలో డూప్లికేట్ దూరితే ఎంత మంచి చెయ్యి ఉన్నా లాభం లేదు. 2025 సెప్టెంబర్ నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, బిల్లు వద్దులే అని మొహమాటపడాల్సిన పని మునుపటంత లేదు. రేపు పిస్టన్ పట్టేస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం ఆ బిల్లే. పాత సామాను మొత్తం గోనె సంచిలో వేసి మీ బండిలోనే ఎక్కించుకోండి. మార్చారా లేదా అన్న గొడవ ఉండదు, పాత ఇనుముకి వచ్చే డబ్బు మీదే.

మేస్త్రితో డబ్బు మూడు ముక్కలు చేసుకోండి. ఇంజన్ దించినప్పుడు కొంత, బండి స్టార్ట్ అయినప్పుడు కొంత, ఒక ట్రిప్పు తిరిగొచ్చాక మిగతాది. మొదటి ట్రిప్పు లోడు తగ్గించి, సాలూరు ఘాటులో అదే పనిగా తొక్కకుండా, అలాగని గంటలకొద్దీ ఐడిలింగ్‌లో నిలబెట్టకుండా నడపండి, మాన్యువల్ చెప్పినంత దూరానికి ఆయిల్, ఫిల్టరు మార్చండి. ఇంజెక్టర్లు ఏవైనా కొత్తవి వేస్తే వాటి మీద ఉండే కోడ్ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్)లో ఎక్కించాలి, లేకపోతే ఒక సిలిండర్ ఎక్కువ, ఒకటి తక్కువ కొడుతుంది. మేస్త్రి దగ్గర ఆ స్కానర్ లేకపోతే బండిని షోరూమ్‌కి తోలుకెళ్ళి ఆ ఒక్క పనీ చేయించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, మేస్త్రి కోపగించుకుంటే టీ ఇప్పించండి.

అన్నట్టు, బోరు ఎందుకు అరిగిందో కనుక్కోకుండా కొత్త కిట్టు వెయ్యొద్దు. బొగ్గు లోడు బండికి ఎయిర్ ఫిల్టరు దగ్గర నుంచి టర్బో దాకా వెళ్ళే హోస్‌లో సన్న చీలిక ఉంటే చాలు, దుమ్ము లోపలికి వెళ్ళి లైనర్‌ని గరుకు కాగితంలా గీకేస్తుంది. ఇరవై రూపాయల క్లిప్పు వదులైనందుకు రెండేళ్ళలో రెండోసారి ఇంజన్ పని చేయించినవాళ్ళు ఉన్నారు.

ఒకవేళ మీ ఇంజన్ బ్లాకు పగిలిందనో, క్రాంకు పనికిరాదనో తేలితే అప్పుడు లెక్క మారుతుంది. కంపెనీలు రీకండిషన్ చేసిన ఇంజన్లు ఎక్స్ఛేంజ్ మీద ఇస్తాయి, టాటాలో దీన్ని ప్రోలైఫ్ అంటారు. పాతది ఇచ్చి అది వేయించుకుంటే బండి నిలబడే రోజులు తగ్గుతాయి, వారంటీ కాగితం కూడా వస్తుంది. అలాంటప్పుడు షోరూమే మేలు, మీ బావమరిది మాట నెగ్గినట్టు.

ప్రశ్న: మాది బీఎస్6 లారీ, 2022 మోడల్. పోర్టు లోపలా బయటా లోకల్ ట్రిప్పులే, క్యూలో గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. నెలకోసారి డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) లైటు వెలుగుతోంది, షోరూమ్‌కి తీసుకెళ్తే రోజంతా పోతోంది. ఒక మెకానిక్ డీపీఎఫ్, యూరియా సిస్టమ్ (యూరియా కొట్టి పొగలో కాలుష్యం తగ్గించేది) రెండూ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తా, ఇంక జన్మలో లైటు వెలగదంటున్నాడు. చేయించొచ్చా?
— ఒక టిప్పర్ ఓనర్, షీలానగర్

జవాబు: వద్దు. ఆ మెకానిక్ చెప్పింది నిజమే, లైటు వెలగదు. కానీ బండిని కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా మార్చడం మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పు. కాలుష్యం రూల్ దాటి నడిపితే 190(2) సెక్షన్ కింద మొదటిసారే 10 వేల దాకా జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ, లైసెన్సు కూడా 3 నెలలు పోతుంది. వారంటీ మిగిలి ఉంటే దాని మీద కూడా ఆశ వదులుకోవాల్సిందే.

లైటు ఎందుకు వెలుగుతోందో మీ ప్రశ్నలోనే ఉంది. డీపీఎఫ్ మసిని పట్టుకుంటుంది, సైలెన్సరు బాగా వేడెక్కినప్పుడు ఆ మసిని తానే కాల్చేసుకుంటుంది. క్యూలో ఐడిలింగ్ మీద నిలబడే బండికి ఆ వేడి రాదు, హైవే ఎక్కే బండికి వస్తుంది. ఒకసారి కాల్చడం మొదలుపెట్టాక మధ్యలో ఇంజన్ ఆపేస్తే సగంలో ఆగిపోతుంది, నాలుగుసార్లు అలా అయితే ఇంక లైటే. కాబట్టి క్యూలో ఇంజన్ ఆపమని, మసి కాలుతున్నప్పుడు మాత్రం ఆపొద్దని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి. వారానికి ఒక ట్రిప్పయినా అనకాపల్లి వైపు హైవే మీద ఆగకుండా పోయేలా చూడండి. ఇంజన్ ఆయిల్ బీఎస్6కి చెప్పిన సీకే-4 రకమేనా, బూడిద తక్కువగా ఉండేదేనా అని డబ్బా మీద చదవండి, పాత బీఎస్3 బండికి తెచ్చిన డ్రమ్ములోంచే దీనికీ పోస్తున్నారని నా అనుమానం. యూరియా కూడా అంతే, 32.5 శాతం యూరియా కలిపిన, ఐఎస్‌ఓ 22241 అని రాసిన సీలు డబ్బానే వాడండి. ఎవరో బోరు నీళ్ళలో కలిపి లూజుగా అమ్మేది పోస్తే నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకట్టి, ఆ తర్వాత నాక్స్ సెన్సార్ (పొగలో కాలుష్యం కొలిచేది) దాకా పోతుంది.

బీఎస్6 బండికి ఇంజన్ సైడు పని వస్తే, షోరూమ్ ఎంత విసిగించినా నేను షోరూమ్ వైపే. ఆటోనగర్‌లో ఇప్పుడు మంచి స్కానర్లు కొని, డీపీఎఫ్‌ని కాల్చడం, కోడ్లు చదవడం నేర్చుకున్న కుర్రాళ్ళు ఉన్నారు, అలాంటివాడు దొరికితే లైటు వెలిగినప్పుడు రోజంతా పోగొట్టుకోకుండా అక్కడే కాల్పించుకోవచ్చు. తీసేస్తానన్నవాడి దగ్గరికి మాత్రం ఆయిల్ మార్పించడానికి కూడా వెళ్ళకండి.

ప్రశ్న: నమస్తే సార్. మా ఆయన బండి నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. లారీ కొని ఏడాదిన్నర అయింది. ఆయిల్, గ్రీజు పని బయట చేయిస్తే సగం ఖర్చే. కానీ బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని షోరూమ్ సూపర్‌వైజర్ బెదిరించారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అమ్మా, ఆయన చెప్పినంత గుండుగుత్తగా కాదు, అలాగని తేలిగ్గా తీసుకోవద్దు కూడా. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ (కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందో చూసే సంస్థ) 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, బయట మెకానిక్ చేత చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చెయ్యకూడదని, ఆ బయటి పని వల్ల ఏది పాడైతే దానికి మాత్రమే కాదనొచ్చని చెప్పింది. అది కార్ల మీద వచ్చిన ఆర్డరు. మీది లారీ, అందుకని మీ వారంటీ పుస్తకంలో ఏం రాశారన్నదే మీకు ముఖ్యం. కొన్ని లారీలకి డ్రైవ్‌లైన్ (ఇంజన్ నుంచి చక్రాల దాకా బండిని నడిపే భాగాలు) మీద 6 ఏళ్ళు లేదా 6 లక్షల కిలోమీటర్ల దాకా వారంటీ ఉంది. ఇంజన్, గేర్‌బాక్స్, హౌసింగ్ అన్నీ అందులోకి వస్తుంటే, ఆయిల్ మార్పులో మిగిలే నాలుగైదు వేల కోసం దాన్ని గొడవలో పెట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు. పుస్తకంలో చెప్పిన సర్వీసులన్నీ షోరూమ్‌లోనే, టైముకి చేయించండి. మధ్యలో గ్రీజు కొట్టించడం, బల్బులు, పంచర్లు, కమాన్ పట్టీలు ఎక్కడ చేయించినా పర్లేదు.

జాబ్ కార్డు (చెయ్యాల్సిన పనులు రాసే కాగితం) మీద సంతకం పెట్టే ముందు "ఫోన్ చేసి చెప్పకుండా పైపని ఏదీ చెయ్యకూడదు" అని మీ చేత్తోనే రాయండి, తెలుగులోనే రాయండి, చెల్లుతుంది. రేపు "వారంటీ ఇవ్వం" అని మొండికేస్తే నోటి మాటతో వదలకండి, ఎందుకు ఇవ్వరో కాగితం మీద అడగండి. వ్యాపారం కోసం కొన్న బండికి వినియోగదారుల కమిషన్ వర్తించదని ఎవరైనా అంటే నమ్మొద్దు, స్వయం ఉపాధి కోసం, బతుకుతెరువుకి కొనుక్కుని మీరే నడుపుకుంటున్న బండి అయితే 2019 చట్టం ప్రకారం మీరు కూడా వినియోగదారులే. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, చాలావరకు ఆ నంబరు చెప్పగానే సూపర్‌వైజర్ల గొంతు మారుతుంది.

ప్రశ్న: కమాన్ కట్టలు, బ్రేక్ లైనర్లు, క్లచ్ పనికి షోరూమ్‌కి వెళ్ళాలా?
— పెందుర్తి నుంచి

జవాబు: కమాన్ కట్టకి షోరూమ్ ఎందుకండీ, వాళ్ళు కూడా తెల్లబోతారు. బ్రేకులు, క్లచ్ ఆటోనగర్‌లోనే చేయించండి. లైనర్లు, క్లచ్ ప్లేటు మాత్రం కంపెనీవి కొనుక్కెళ్ళండి, ఘాటు దిగేటప్పుడు లోకల్ లైనరు వేడెక్కి జారితే మేస్త్రిని తిట్టి లాభం ఉండదు. ఏబీఎస్ లైటు వెలుగుతుంటే దాన్ని మాత్రం స్కానర్ ఉన్నవాడికి చూపించండి, వైరు పీకేసి లైటు ఆర్పేవాడికి కాదు.